రెండు సెకండ్‌హ్యాండ్ సీ420 ఇంజన్లకు డెలావేర్ అండ్ హడ్సన్ పేరు వేయడం: ఒక కేస్ స్టడీ

సెకండ్‌హ్యాండ్ మోడల్ ఇంజన్ చేతికి రాగానే పాత రంగు అంతా కడిగేసి కొత్త రంగు కొట్టాలనే తొందర చాలామందిలో కనిపిస్తుంది. అసలు రైల్వేలు మాత్రం అలా చేయవు. ఇంకొక రైల్వే నుంచి వచ్చిన ఇంజన్‌ను అవి ముందు పనిలో పెడతాయి, పాత పేరు మీద ఒక రంగు పట్టీ కొట్టి కొత్త పేరు రాస్తాయి, పూర్తి రంగు సంగతి వర్క్‌షాపులో చోటు దొరికినప్పుడు చూసుకుంటాయి. ఏ పొర ఏ సంవత్సరానిదో ముందు తేల్చుకుని, ఆ వరసలోనే మోడల్ మీద కూడా పొరలు వేసుకుంటూ పోతే పని ఎంతవరకు తగ్గుతుందో, ఎక్కడ పెరుగుతుందో చూడడానికి నేను చేపట్టిన రెండు ఇంజన్ల పనిని ఇక్కడ వివరిస్తున్నాను. రెండూ హెచ్‌ఓ స్కేలు, అంటే 1:87 నిష్పత్తిలోని మోడళ్లు; ఆల్కో అనే అమెరికా కంపెనీ తయారుచేసిన సీ420 డీజిల్ ఇంజన్‌కు నమూనాలు. అమెరికాలోని వెస్ట్ స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఏటా జనవరిలో జరిగే రైల్వే హాబీ షోలో కొన్నవి. ఒకటి లీహై వ్యాలీ రైల్‌రోడ్ ఎరుపులో ఫ్యాక్టరీ నుంచి వచ్చినది. రెండోది లూయీవిల్ అండ్ నాష్‌విల్ రైల్వే వారి బూడిద, పసుపు రంగుల్లో వచ్చి, ఆ తర్వాత పాత యజమాని చేతిలో కుంచెతో నల్లరంగు వేయించుకున్నది.

ఈ మోడల్ బళ్లు నడిచే నా లేఅవుట్ 1977 నాటి తూర్పు పెన్సిల్వేనియాను చూపిస్తుంది. ఆ కాలాన్ని ఎంచుకోవడానికి కారణం 1976 ఏప్రిల్ 1. ఆ రోజున పెన్ సెంట్రల్, ఎరీ లాకవానా, రీడింగ్, లీహై వ్యాలీ, సెంట్రల్ రైల్‌రోడ్ ఆఫ్ న్యూజెర్సీ, లీహై అండ్ హడ్సన్ రివర్ అనే దివాలా తీసిన రైల్వేలు కాన్‌రైల్ అనే కొత్త రైల్వే సంస్థ కిందికి వచ్చాయి. ఆ ప్రాంతమంతా ఒకే సంస్థ గుప్పిట్లోకి పోకుండా ఉండాలని, అప్పటిదాకా ప్రధానంగా న్యూయార్క్ రాష్ట్రానికీ ఉత్తర పెన్సిల్వేనియాకూ పరిమితమైన డెలావేర్ అండ్ హడ్సన్ (డీఅండ్‌హెచ్) రైల్వేకు కాన్‌రైల్ పట్టాల మీద బఫలో, న్యూవార్క్, ఫిలడెల్ఫియా, వాషింగ్టన్ పక్కనున్న పొటోమాక్ యార్డు వరకు బళ్లు నడుపుకునే హక్కులు ఇచ్చారు. దూరాలు ఒక్కసారిగా పెరిగాయి గాని ఇంజన్లు చాలలేదు. అందుకే లీహై వ్యాలీకి చెందిన 12 సీ420లు, రీడింగ్‌కు చెందిన జీపీ39-2 అనే మరో రకం డీజిల్ ఇంజన్లు 20, మరికొన్ని ఇంజన్లు డీఅండ్‌హెచ్ పాలయ్యాయి. సీ420ల విషయంలో మోడల్ చేసేవారికి కలిసివచ్చే సంగతి ఒకటుంది. లీహై వ్యాలీలో 404 నుంచి 415 వరకు ఉన్న వాటి నంబర్లను డీఅండ్‌హెచ్ మార్చలేదు. మారింది పేరొక్కటే.

తెలుగు పాఠకులకు ఈ ఇంజన్ పూర్తిగా కొత్తదేమీ కాదు. కాజీపేట, గుత్తి షెడ్లలో దశాబ్దాల పాటు పనిచేసిన డబ్ల్యూడీఎం-2 కూడా ఆల్కో డిజైనే. సీ420లో ఉన్న 251 తరగతి డీజిల్ యంత్రమే దానిలోనూ ఉంది. ఇక్కడ 12 సిలిండర్లతో 2,000 హార్స్‌పవర్, అక్కడ 16 సిలిండర్లతో 2,600. బండి కదిలే వేళ టర్బో అందుకునేలోపు పొగగొట్టం కక్కే ఆ నల్లటి పొగ రెండింటికీ ఉమ్మడి గుణం. దాని ప్రసక్తి పైకప్పు రంగు దగ్గర మళ్లీ వస్తుంది.

రంగు జోలికి పోయే ముందు యంత్రం పరీక్ష జరగాలి. నడవని మోడల్‌కు వేసిన మంచి రంగు వృథా. ఎరుపు ఇంజన్ సాఫీగానే నడిచింది. నల్లరంగు ఇంజన్ మాత్రం చక్రం తిరిగిన ప్రతిసారీ టక్కుమని కొట్టుకుంటూ నడిచింది. కొన్నేళ్ల కిందటి మోడళ్లలో ఇది తరచుగా ఎదురయ్యే లోపమే. లోహపు ఇరుసు మీద బిగువుగా ఎక్కించిన ప్లాస్టిక్ గేరు ఏళ్లు గడిచేకొద్దీ సన్నగా చీలుతుంది. చీలిక ఉన్న చోట రెండు పళ్ల మధ్య ఎడం పెరిగి, పక్క గేరు పన్ను అక్కడికి వచ్చినప్పుడల్లా తట్టుకుంటుంది. జిగురుతో అతికించినా నిలవదు కనుక నాలుగు ఇరుసుల గేర్లూ మార్చాను. మోటారు ఎంత కరెంటు లాగుతుందో చక్రాలను ఆపి పట్టుకుని కొలిచి, అది డీసీసీ డీకోడర్ (పట్టాల ద్వారా వచ్చే డిజిటల్ ఆదేశాల ప్రకారం మోటారును నడిపే చిన్న సర్క్యూట్) భరించగలిగేంతే ఉందని నిర్ధారించుకున్న తర్వాతే బాడీని విప్పాను.

నల్లరంగు ఇంజన్ రంగును మొత్తం తీసేయక తప్పదు. కుంచె చారలు పడిన మందపు రంగు కింద తలుపుల గొళ్లేలు, కీలు, గాలి జాలీల గీతలు సగం పూడిపోయాయి. అద్దాలు, హ్యాండ్‌రెయిళ్లు, హార్న్, బళ్లను కలిపే కప్లర్లు అన్నీ తీసి, ఉత్త బాడీని మందుల దుకాణంలో దొరికే 91 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో మూతపెట్టిన డబ్బాలో నానబెట్టాను. అద్దాల ప్లాస్టిక్‌ను అందులో వేస్తే సన్నని పగుళ్లు రావచ్చు కాబట్టి దాన్ని ముందే తీయాలి. బాడీ లోపలి వైపు ఒక మూల కొద్దిగా తడిపి చూసుకోవడం ఎప్పుడూ మంచిదే. అసిటోన్ ఈ రకం ప్లాస్టిక్‌ను కరిగించేస్తుంది. పాతకాలం వారు వాడిన బ్రేక్ ఆయిల్ పద్ధతి పనిచేస్తుంది గాని చర్మానికీ కళ్లకూ హానికరం. ఆల్కహాల్ దొరుకుతుండగా దాని అవసరం లేదు. ఆల్కహాల్ ఆవిరికి నిప్పు త్వరగా అంటుకుంటుంది కనుక పొయ్యి ఉన్న వంటగదిలో మాత్రం ఈ పని పెట్టుకోరాదు.

నానిన తర్వాత పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే కుంచె రంగు ముద్దలు ముద్దలుగా లేచిపోయింది. దాని కింద ఫ్యాక్టరీ బూడిద, పసుపు చెక్కుచెదరకుండా బయటపడ్డాయి. ఫ్యాక్టరీ రంగు పలుచగా, గట్టిగా అంటుకుని ఉంది. దాన్ని కూడా తీసేయాలా, దాని మీదే ఎరుపు వేయవచ్చా అన్నది ఇక్కడి అసలు ప్రశ్న. మోడల్ మీద 25 మైక్రాన్ల రంగు పొర ఉందనుకుంటే, దాన్ని 87తో హెచ్చిస్తే అసలు ఇంజన్ మీద 2 మిల్లీమీటర్లకు పైగా మందం అవుతుంది. ఏ రైల్వే వర్క్‌షాపూ అంత మందాన రంగు పూయదు. ఫ్యాక్టరీ పొర, ప్రైమర్, ఎరుపు, వార్నిష్, డెకాల్ (నీళ్లలో ముంచి అతికించే అక్షరాల పలుచని పొర), మళ్లీ వార్నిష్ అని పేర్చుకుంటూ పోతే గొళ్లేల అంచులు గుండ్రబడి, మూడు అడుగుల దూరం నుంచి కూడా బొమ్మ బొమ్మలాగే కనబడుతుంది. దానికి తోడు ఎరుపుకు ఒక గుణం ఉంది. ఆ రంగుపొడి కాంతిని పూర్తిగా అడ్డుకోదు, కింద ఏ రంగు ఉంటే దాన్ని కొంత పైకి చూపిస్తుంది. పసుపు మీద వేస్తే నారింజ వైపు వెలుగుతుంది, ముదురు బూడిద మీద వేస్తే మాసిన ఇటుకలా కనిపిస్తుంది. ముక్కు పసుపు, ఒళ్లు బూడిదగా ఉన్న బాడీ మీద ఒకే ఎరుపు రెండు ఎరుపులుగా తేలుతుంది. ఈ రెండు కారణాల వల్ల ఫ్యాక్టరీ పొరను కూడా మొండిగా రెండోసారి నానబెట్టి తీసేశాను.

కడిగి, ఆరబెట్టి, లేత బూడిద ప్రైమర్‌ను చాలా పలుచగా వేశాను. ఇక రంగు విషయం. లీహై వ్యాలీ ఎరుపును కార్నెల్ రెడ్ అంటారు. కార్నెల్ విశ్వవిద్యాలయం ఉన్న ఇథాకా ఆ రైల్వే దారిలోదే. పాత వ్యాసాల్లో ఈ ఎరుపుకు ఇచ్చిన కలుపు లెక్కల్లో చాలావరకు ఫ్లోక్విల్ రంగుల మీద ఆధారపడినవి. ఆ రంగుల తయారీ 2013లో ఆగిపోయింది కాబట్టి ఆ లెక్కలు ఇప్పుడు చదువుకోవడానికి తప్ప పనికిరావు. ట్రూ-కలర్ వంటి రంగుల్లో దగ్గరి ఎరుపులు దొరుకుతాయి. నేను మెరుపుగా ఆరే రకాన్ని ఎంచుకున్నాను, ఎందుకంటే డెకాల్‌కు నున్నటి నేల కావాలి. ఎయిర్‌బ్రష్‌లో ఒత్తిడి 20 పీఎస్‌ఐ దగ్గర ఉంచి, మూలలు, జాలీల లోపలి అంచులు ముందు కొట్టుకుని, వెడల్పు భాగాలు చివర కొట్టాను. ఈ వరస తిరగబడితే మూలల్లోకి రంగు చేరేలోపు వెడల్పు భాగాల మీద పొర మందమైపోతుంది.

హ్యాండ్‌రెయిళ్ల సంగతి వేరు. వంగినా విరగని ఆ జారుడు ప్లాస్టిక్‌కు ఏ రంగూ సరిగా అంటదు. ఒకసారి వేలు తగిలితే పొట్టులా లేస్తుంది. కారు రంగుల దుకాణాల్లో బంపర్లకు వాడే పట్టు ద్రవం ముందు పూసి, దాని మీద రంగు వేస్తే నిలుస్తుంది. చేతులు ఎక్కువగా తగిలేది కూడా అక్కడే కాబట్టి ఈ మెట్టు వదిలేయడం నాకు ఇష్టం లేదు.

ఇప్పుడు ఎరుపు ఇంజన్ దగ్గరికి వద్దాం. దీని మీద ఫ్యాక్టరీ ఎరుపు, నంబరు, కొలతలు తెలిపే సన్నని అక్షరాలు అన్నీ బాగానే ఉన్నాయి. డీఅండ్‌హెచ్ నంబరు మార్చలేదు కనుక డ్రైవరు కూర్చునే క్యాబ్ మీదా, నంబరు బోర్డుల మీదా చేయి పెట్టనక్కర్లేదు. యంత్రాన్ని కప్పే హుడ్ మీది లీహై వ్యాలీ పేరును మాత్రం పట్టీతో కప్పాలి. ఫ్యాక్టరీలో అచ్చు వేసిన అక్షరాల మీద నేరుగా రంగు కొడితే ఆ అక్షరాల అంచులు పట్టీ కింద నుంచి ఉబ్బెత్తుగా తెలుస్తాయి. పాత పేరు నీడలా కనబడడం నిజజీవితంలోనూ ఉన్నదే గదా అని కొందరు దాన్ని అలాగే వదిలేస్తారు. ఆ వాదన నాకు సరిపడలేదు: అసలు ఇంజన్ మీద కనిపించేది రంగు తేడా, ఉబ్బు కాదు. అందుకని డెకాల్‌ను మెత్తబరచడానికి వాడే సాల్వాసెట్ ద్రవాన్ని ఆ అక్షరాల మీద మాత్రమే కొద్ది నిమిషాలు ఉంచి, మొన తీసిన చెక్కపుల్లతో ఒక్కొక్క అక్షరాన్ని గీకాను. ఈ ద్రవం అన్ని ఫ్యాక్టరీల అచ్చు మీదా పనిచేయదు. పనిచేయని చోట 2000 నంబరు ఉప్పుకాగితాన్ని తడిపి, అగ్గిపుల్ల తలంత వెడల్పు ముక్కతో రుద్దాలి. అక్షరం పూర్తిగా పోనక్కర్లేదు, వేలి కొనకు అంచు తగలకుండా పోతే చాలు.

రెండో ఇంజన్‌కు ఇందుకు ఎదురు పని. దాని మీద ఆ ఇంజన్లు తయారైన 1964 నాటి లీహై వ్యాలీ అలంకరణ ముందుగా ఉండాలి, ఆ తర్వాతే దాన్ని కప్పాలి. కప్పేసే పేరును రాయడం దేనికని అడగవచ్చు. పేరు మొత్తం పట్టీ కిందికి పోయేట్లయితే నిజంగానే అక్కర్లేదు, నేనూ రాయలేదు. క్యాబ్ నంబరు, చిన్న అక్షరాలు మాత్రం పాతవిగానే ఉండాలి కనుక వాటిని డెకాల్‌తో ముందు వేసి, మిగతా ఒంటితో పాటు అవీ వెలిసేలా చూసుకున్నాను. ఈ వరస తప్పితే వెలిసిన ఎరుపు మీద నిన్ననే రాసినట్టు మెరిసే నంబరు నిలబడుతుంది. కొత్తదిగా కనిపించాల్సినది పట్టీ ఒక్కటే.

డెకాల్ అతికించే చోటును మిల్లీమీటర్లలో కొలవడం కన్నా తలుపులు లెక్కపెట్టడం నయం. ఫొటోలో అక్షరం ఎన్నో తలుపు గొళ్లెం దగ్గర మొదలై ఎన్నో కీలు దగ్గర ముగిసిందో చూసుకుంటే, ఫొటో ఏ కోణం నుంచి తీసినా లెక్క తప్పదు. డెకాల్‌ను అక్షరాల అంచుకు దగ్గరగా కత్తిరించి, నీళ్లలో ముంచి, డెకాల్ పట్టుకోవడానికి వాడే మైక్రో సెట్ ద్రవం రాసిన చోటికి జార్చి, స్థానంలో కూర్చున్నాక పైన దాన్ని మెత్తబరచే మైక్రో సోల్ రాయాలి. అది రాసిన కాసేపటికి డెకాల్ ముడతలు పడుతుంది. చూసేవారికి గుండె జారుతుంది గాని అప్పుడు దాన్ని ముట్టుకోకూడదు. ముడతలు వాటంతట అవే సర్దుకుని, పొర కీళ్ల చుట్టూ, తలుపు సందుల్లోకి దిగిపోతుంది. ఆరిన తర్వాత పక్కనుంచి దీపం పట్టి చూస్తే గాలి చిక్కుకున్న చోట్లు వెండిలా తెల్లగా మెరుస్తాయి. అక్కడ సన్నని సూదితో పొడిచి, తలుపు గీత వెంట కొత్త బ్లేడుతో కోసి, మళ్లీ మైక్రో సోల్ చుక్క వేయాలి. మెరుపు లేని గరుకు రంగు మీద డెకాల్ వేస్తే ఈ వెండి మచ్చ ఎన్నటికీ పోదు.

తర్వాత వెలిసిన రంగు. పన్నెండేళ్లు ఎండకు, మంచుకు, బొగ్గు జిల్లాల దుమ్ముకు ఓర్చిన ఎరుపు ఇది. ఎరుపును లేత చేయడానికి తెల్లరంగు కలిపితే గులాబీ రంగు వస్తుంది, ఇంజన్ మిఠాయి దుకాణం పెట్టెలా తయారవుతుంది. చర్మపు రంగో, లేత మట్టి రంగో కొద్దిగా కలిపితే ఎరుపు ఎరుపుగానే ఉండి ప్రాణం తగ్గుతుంది. ఆ కలుపును బాగా పలుచన చేసి, రెండు ఇంజన్ల మీదా పైనుంచి కిందికి, ఎండ తగిలే భాగాల మీద ఎక్కువగా, నడకబల్ల పైన నీడ పడే భాగాల మీద తక్కువగా పొగమంచులా పట్టించాను. పాత నంబర్లూ దీని కిందే ఉన్నాయి కనుక అవీ మసకబారాయి. ఫ్యాక్టరీ ఎరుపు, నేను వేసిన ఎరుపు మొదట కొద్దిగా వేర్వేరుగా ఉన్నా, ఈ పొర తర్వాత రెండూ ఒకే తరగతి ఇంజన్లుగా దగ్గరయ్యాయి. పూర్తిగా ఒకటి కాకపోవడమే సబబు. అసలు రైల్వేలో ఏ రెండు ఇంజన్లూ ఒకే తీరుగా వెలవవు.

పట్టీని మాస్కింగ్ టేపు పెట్టి కొట్టవచ్చు గాని టేపు అంచు దగ్గర రంగు గట్టులా నిలుస్తుంది, వెలిసిన పొర టేపుతో పాటు లేచే ప్రమాదమూ ఉంది. ఖాళీ డెకాల్ కాగితం మీద వెలవని ఎరుపును ఎయిర్‌బ్రష్‌తో కొట్టి, ఆరాక లోహపు స్కేలు ఆనించి కావలసిన కొలతకు పట్టీని కోసి, డెకాల్ లాగే నీళ్లలో ముంచి అతికించడం నాకు నచ్చిన మార్గం. వంకర వస్తే తీసి ఇంకొకటి వేయవచ్చు. దాని మీద డీఅండ్‌హెచ్ అక్షరాలు. ఈ ఇంజన్లన్నింటికీ ఒకేసారి, ఒకే తీరున పేరు మారలేదు కనుక తేదీ తెలిసిన ఒక ఫొటోను, అదే నంబరు ఇంజన్‌ది, ఎదురుగా పెట్టుకుని అక్షరాల ఎత్తు, రంగు, చోటు దాని ప్రకారమే పెట్టాను. తెల్ల అక్షరాలు కావలసిన వారు ఇంట్లోని ఇంక్‌జెట్ ప్రింటరుతో తయారుచేసుకోలేరు, దానికి తెల్ల సిరా ఉండదు. కొన్న అక్షరాల షీట్ల నుంచి ఒక్కొక్క అక్షరం ఏరుకోవలసిందే.

చివరి పొర 1977ది. ఇది పట్టీ మీదా పడాలి, కాని ఒక్క సంవత్సరం దుమ్ముకు తగినంతే. చక్రాలను పట్టి ఉంచే చట్రాల (ట్రక్కుల) మీద, ఇంధన ట్యాంకు మీద పొడి పాస్టెల్ రంగులతో మట్టి, బ్రేకు తుప్పు పట్టించాను. పైకప్పు మీద పొగగొట్టం చుట్టూ మసి ముదురుగా మొదలై ఇరువైపులా పలుచబడుతూ పోయింది. ఆల్కో ఇంజన్‌కు ఇది లేకపోతే చూసేవారికి నమ్మకం కుదరదు. గాలి జాలీల లోతు తేలడానికి సిరా కలిపిన ఆల్కహాల్ వాడేవారు ఒక విషయం గుర్తుంచుకోవాలి: మెరుపు చంపే డల్‌కోట్ వార్నిష్ మీద ఆల్కహాల్ పడితే పాలవిరుగుడు తేలినట్టు తెల్లగా మారుతుంది. దాన్ని కోరి వాడుకునేవారూ ఉన్నారు, వెలిసిన రంగు కోసం. నేను జాలీల పని మెరుపు వార్నిష్ మీదే ముగించి, ఆ తర్వాతే మెరుపు చంపే వార్నిష్ కొట్టాను.

డీకోడర్లు బిగించి, రెండింటి వేగం సరిచూసి జంటగా నడిపితే మధ్య కప్లర్ మీద లాగుడు, తోపుడు లేకుండా నడుస్తున్నాయి. రంగు దగ్గరికి వస్తే, పూర్తిగా కడిగి వేసిన ఇంజన్ ఒంటి రంగు నిగ్గులో మెరుగు. తలుపుల గీతలు పదునుగా ఉన్నాయి. అయినా పక్కపక్కన పెట్టి చూస్తే ఫ్యాక్టరీ ఎరుపును ఉంచుకున్నదే ఒక పాలు ముందుంది, ఎందుకంటే అందులోని సన్నని అక్షరాల పదును ఏ డెకాల్ షీటుకూ రాలేదు, శ్రమ మాత్రం సగానికన్నా తక్కువే పట్టింది. కాబట్టి రీడింగ్ నుంచి వచ్చిన జీపీ39-2 వంతు వచ్చేసరికి రంగు లేని కొత్త బాడీ వద్దనుకున్నాను. రీడింగ్ ఆకుపచ్చ, పసుపులో ఉన్న పాత మోడలే వెతుకుతున్నాను. అయితే వాటి నంబర్లను 3401-3420 నుంచి 7401-7420కి మార్చారు కనుక ఈసారి క్యాబ్ కింద కూడా పట్టీ పడాలి, నంబరు బోర్డులూ మారాలి; ఆ ఆకుపచ్చను ఎంత వెలయించాలన్నది మాత్రం 1974లో తయారైన ఇంజన్ 1977 నాటికి ఎలా ఉందో చూపే ఫొటో దొరికాకే తేలుస్తాను.